మిషన్ వినని లోతు

దేవసేన మెడలోని తాళిబొట్టు ధర్మలింగం తియ్యలేదు. తీసినాడని ఆమె పుట్టింటివాళ్ళు చెప్పింది అబద్ధం. అందులో సందేహానికి తావు లేదు.

వాళ్ళ నేతగాళ్ళలో ముత్తైదువ పోతే బంగారు తాళిబొట్టుతోనే పూడుస్తారు. గుంతలోకి దించేది ఆమె అన్నదమ్ములు. మొగుడు వీపు తిప్పుకొని నిలబడాలి. ధర్మలింగం అట్లనే నిలబడినాడు. దేవసేన అన్న నటరాజు గుంతలోంచి పైకొచ్చి, చేతుల మట్టి దులుపుకుంటూ, "మెడ బోసిగా ఉంది" అన్నాడు. అందరూ ధర్మలింగం వైపు చూసినారు. జ్వరంతో పోయిన పెండ్లాం కోసం ఏడ్చే హక్కు కూడా అతనికి ఆ పూటతో పోయింది.

అత్తగారిది తిరువళ్ళూరు. మళ్ళీ ఆ ఊరి బస్సు అతను ఎక్కలేదు. నాలుగేళ్ళు మగ్గం, అన్నం, నిద్ర. మనిషి మాట్లాడటమే మానేసినాడు.

ఈ ఏడు తిరుత్తణి దారిలో, ఊరి బయటున్న మట్టిదిబ్బ మీద చెన్నై కాలేజీవాళ్ళు తవ్వకం పెట్టినారు. ఒకప్పుడు అక్కడ పెద్ద ఊరు ఉండిందట. దిబ్బను ఆనుకొనే నేతగాళ్ళ శ్మశానం, దేవసేనను పూడ్చింది అక్కడే. మధ్యలో ముళ్ళకంచె. పార ఆ కంచె దాటకుండా చూసేందుకు ఊరి తరఫున ఒక మనిషి కావాలన్నారు. ధర్మలింగం వాలంటీరుగా పేరిచ్చినాడు. ఎవరితోనూ మాట్లాడని మనిషి గనక తవ్వకం నడిపే మేడమ్ అతని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, మెటల్ డిటెక్టర్ చేతికిచ్చింది. తవ్విపోసిన మట్టికుప్పల మీద దాన్ని తిప్పాలి. కంటికి చిక్కని నాణెం ఉంటే అది కుయ్యంటుంది.

ఎక్కువగా సోడామూతలకే కుయ్యనింది.

"ఏం దొరికింది? పల్లవరాజుగారు తాగిన సోడానా?"

అతను తలెత్తినాడు. ఎండకు టోపీ, మోకాళ్ళదాకా మట్టి, చేతిలో బ్రష్. దేవసేన చెల్లెలు రంజని.

"నీకేం పని ఈడ?"

"ఎం.ఏ. ఆర్కియాలజీ. ఆ గుంత నాది. ఈ కుప్ప నాది. నా చెత్త నువ్వు గాలిస్తా ఉండావు బావా."

"బావా అనొద్దు."

"మరేమనాల? డిటెక్టర్ సార్ అనేదా?"

అతను హెడ్‌ఫోన్ మళ్ళీ చెవులకు పెట్టుకున్నాడు. ఆమె ఒక పక్క చెవి మీంచి దాన్ని లాగింది.

"తలకిందులుగా పెట్టుకున్యావు సార్. అందుకే నీకు అంతా సోడామూతలే."

మరునాడు ఆమె టీ తెచ్చింది. అతను తాగలేదు. ఆ మరునాడు తెచ్చి, "విషం లేదు, కావాలంటే మిషన్ పెట్టి చూసుకో" అనింది. తాగినాడు. చక్కెర ఎక్కువైంది. ఆ మాట పైకి అన్నాడు. నాలుగేళ్ళలో అతను ఒక మనిషిని పట్టి తిట్టింది అదే మొదలు. రంజనికి అది పండగలాగా ఉండింది.

ఆషాఢం పొద్దుల ఆడి నెల వాన ఒకనాడు ఉన్నట్టుండి దిబ్బ మీద పడింది. అందరూ షెడ్డుకు పరిగెత్తినారు. వీళ్ళిద్దరూ కుప్ప పక్కన టార్పాలిన్ కిందే చిక్కినారు. మధ్యలో మిషన్. ఆమె తన రాగి ఉంగరం తీసి తడిమట్టిలో దాచి, హెడ్‌ఫోన్ ఒక చెవిది తను పెట్టుకొని రెండోది అతనికిచ్చింది. ఇద్దరి తలలూ దగ్గరకు రాక తప్పలేదు. మిషన్ కుయ్యనింది. ఉంగరాన్ని ఇంకా లోతుకు పెట్టింది. మళ్ళీ లోతుకు. మిషన్ మూగబోయింది.

"అంతే దీని ప్రతాపం. జానెడు దాటితే చెవుడు" అనింది. తర్వాత వానకేసి చూస్తూ, "అక్క తాళి నువ్వు తియ్యలేదు" అనింది.

"నీకెట్ల తెలుసు?"

"ఆస్పత్రిలో అక్క కాళ్ళు వాచి మెట్టెలు బిగుసుకున్యాయి. కత్తిరించండి అనింది నర్సు. నువ్వు సబ్బునీళ్ళు పోసుకుంటా, ఆమెకు నొప్పి లేకుండా ఒక్కో వేలూ పట్టుకొని కూర్చున్యావు. వాపు దిగినాక మళ్ళీ తొడిగినావు. నేను తలుపుకాడ నిలబడి చూసినా. అట్లాంటోడు మెడలోది లాగడు."

అతను చెవి మీది తీసేసినాడు. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

"ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా. ఎవరు విన్యారు? చిన్నపిల్లవు, నోరు ముయ్యి అన్యారు." ఆమె ఉంగరానికి అంటిన మట్టి తుడిచింది. "ఇప్పుడు చిన్నపిల్లను కాను. నిన్ను చేసుకుంటానని అమ్మకు చెప్తా. వద్దంటే ఇప్పుడే చెప్పేయి, బస్సు చార్జీ మిగుల్తుంది."

వద్దు అనడానికే ధర్మలింగం నోరు తెరిచినాడు. "వాన తగ్గినాక పో" అన్నాడు.

ఆదివారం అత్త అమృతవల్లి వచ్చింది. వెంట నటరాజు. ఆమె కంచెకు ఇవతలే నిలబడింది.

"పిల్ల నిన్నే చేసుకుంటానంటాంది. సరి. నీ దగ్గర మిషన్ ఉందంట గదా. దాన్ని నా పెద్దబిడ్డ మీద తిప్పు. మోగితే చిన్నదాన్ని నా చేత్తో ఇస్తా."

"ఆమె మీద నేను తిప్పను అత్తా. తిప్పినా మోగదు. ఆరడుగుల లోతుకు ఇది వినదు."

నటరాజు నవ్వినాడు. "చూసినావా మా? మోగదని వానికి ముందే తెలుసు."

"నిజమే అన్నా, జానెడు దాటితే..." అని రంజని మొదలుపెట్టింది.

"నువ్వు నోరు ముయ్యి. నీకు మందు పెట్టినాడు వాడు."

రంజని నోరు మూసుకోలేదు. టోపీ తీసి నేల మీద పెట్టి, వచ్చి ధర్మలింగం పక్కన నిలబడింది. "మా, అందరూ వినండి. అది మోగకపోయినా నేను ఈయన్నే చేసుకుంటా. ముందే చెప్తా ఉండా. ఇంక తిప్పుకోండి."

అమృతవల్లి ముఖం నల్లబడింది. నటరాజు మిషన్ లాక్కొని కంచె దాటినాడు. ధర్మలింగం అటు చూడలేదు. నటరాజు హెడ్‌ఫోన్ వైరు పీకేసినాడు, అందరికీ వినబడాలని. తలవైపు తిప్పినాడు. ఏమీ లేదు. నడుము దగ్గర తిప్పినాడు. ఏమీ లేదు. కాళ్ళవైపు రాగానే మిషన్ కుయ్యనింది. మళ్ళీ తిప్పినాడు. మళ్ళీ కుయ్యనింది.

"ఉంది!" అమృతవల్లి కంచె దాటిపోయి, కూలబడి మట్టిని రెండు చేతులా కావలించుకుంది. "నా బిడ్డ తాళి దాని దగ్గరే ఉందిరా! పాపిష్టోడా, ఏం చూసి ఏం చెప్పినావురా!" మోగింది కాళ్ళవైపని ఎవరూ ఎంచలేదు. నటరాజు మిషన్ కింద పెట్టేసినాడు.

రంజని పరిగెత్తిపోయి మిషన్ అందుకుంది. దాని తెర చూసింది. ఇనుము. నాలుగు వేళ్ళ లోతు. మేకో, దీపం పెట్టిన రేకుడబ్బానో. ఆమె స్విచ్ ఆపేసి, ధర్మలింగం వైపు చూసింది. ఆ చూపుతోనే అతనికి అర్థమైంది. నోరు తెరిచినాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు ఉండినాయి.

అతను నోరు మూసుకున్నాడు. మనిషి మాటకు రాని నమ్మకం తుప్పుపట్టిన ఇనుప ముక్కకు వచ్చింది. దాన్ని చెరిపి అతను సాధించేది ఏముంది?

తిరుత్తణి కొండ మీద పెండ్లి అయింది. అత్త అక్షింతలు వేసింది. కాళ్ళు పట్టుకోబోయిన నటరాజును ధర్మలింగం పట్టుకోనియ్యలేదు, లేవనెత్తనూ లేదు. పక్కకు జరిగినాడు, అంతే.

కొండ మెట్లు దిగుతుండగా రంజని అతని చెయ్యి పట్టుకుంది. "బావా, అన్న ఆ పొద్దు బోసిమెడ నిజంగానే చూసినాడంటావా? అట్లయితే తీసింది ఎవరు?"

ధర్మలింగం నాలుగు మెట్లు దిగినాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

"మిషన్ మోగకముందే నువ్వు నా పక్కకు వచ్చినావు. నాకు అది చాలు. ఆ తాళి మాట నీతో గానీ, ఇంకెవరితో గానీ, ఇంక నేను ఎత్తను" అన్నాడు.

ఎత్తలేదు.