నాన్నకి జ్వరం

పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపే ఆవిడకి సంగతి అర్థమైపోయింది. స్నానం చేసి వచ్చిన మొగుడి ఒంటికి సబ్బు వాసన, నోటికి రాత్రి వాసన. స్కూలు బస్సు డ్రైవరాయన. యూనిఫాం చొక్కా కోసం చెయ్యి చాపబోయి తూలి గోడ పట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వవే, టైమైపోతోంది."

"ఇవాళ బండెక్కకండి."

"ఎక్కక? మళ్ళీ జ్వరమని చెప్తే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు మొహం మీదే అన్నాడు. రాత్రి తాగింది రాత్రే దిగిపోయింది. నాకేం కాలేదు."

జ్వరమని చెప్పింది ఎప్పుడూ ఆవిడే. ఎన్నిసార్లని! ఆయన లేవలేని పొద్దున్నల్లా ఫోనందుకుని, గొంతు నీరసంగా పెట్టి "జ్వరమండీ" అనేది. ఇంటి పరువు కాపాడుతున్నాననుకుంది, పిచ్చిది. కొంగున నిప్పులు కట్టుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

గోడ మేకుకున్న బస్సు తాళాలు గబుక్కున తీసి గుప్పిట్లో బిగించింది.

"ఏయ్, ఇటివ్వు!"

"చచ్చినా ఇవ్వను. బస్సు నిండా పిల్లలండీ! ఎంతమంది తల్లులకి కడుపుకోత పెడతారు? మనదీ అందులోనే ఎక్కుతుంది."

"నా కూతురెక్కే బండి నేను జాగ్రత్తగా తోలనా? ఉద్యోగం పోతే ఏం తింటాం, నీ కుట్టుమిషను సూదులా?"

"అవే తిందాం!" అని అరిచేసింది. ఇన్నేళ్ళ కాపురంలో అంత గట్టిగా అరవడం అదే మొదలు. వెంటనే ఏడుపొచ్చేసింది.

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న చిట్టితల్లి లేచి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, బల్ల మీది ఫోను తీసుకుంది.

"కొట్లాడకండి. నేను చెప్తాలే నాన్నా, నాకొచ్చు" అంది. గొంతు నీరసంగా పెట్టి, అచ్చం అమ్మలాగే, "మా నాన్నకి జ్వరమండీ..." అని చేసి చూపించింది.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. కూతురికి తను నేర్పిన విద్య ఇదా! ఆయన మాత్రం మంచం మీద కూలబడ్డాడు. పిల్లని దగ్గరికి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నువ్వు నేర్చుకోకు తల్లీ, ఇది మాత్రం నేర్చుకోకు" అన్నాడు. కాస్సేపటికి భార్య వైపు తిరిగి, "ఇంకో డ్రైవర్ని పంపమను. కారణం నేనే వచ్చి చెప్తానను. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళవే. ఒక్కణ్ణే మానడం నా వల్ల కావట్లేదు."

వచ్చిన ఇంకో డ్రైవరుకి తాళాలిచ్చి, పిల్ల బడికెళ్ళాక ఇద్దరూ ఆస్పత్రికి బయల్దేరారు. చీటీలు రాసే కౌంటర్లో ఒకామె తలెత్తకుండానే అడిగింది.

"ఏంటమ్మా ప్రాబ్లెం?"

"జ్వరమండీ" అనేసింది ఆవిడ అలవాటుగా. వెంటనే నాలిక్కరుచుకుంది.

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కౌంటరు వైపు వంగి స్పష్టంగానే చెప్పాడు.

"జ్వరం కాదండీ, తాగుడు. మానలేకపోతున్నాను. ఇక్కడ మాన్పిస్తారని వచ్చాను."

కౌంటరామె తలెత్తి చూసింది. "మాన్పిస్తారు, కూర్చోండన్నా. రోజూ ఎంతోమంది వస్తారు, సిగ్గుపడకండి" అంది.

బెంచీ మీద కూర్చున్నాక ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. మొగుడి మీద ఇంత ప్రేమ పెళ్ళైన కొత్తలో కూడా పొంగలేదు. ఇస్త్రీ లేకుండానే తొడుక్కొచ్చిన చొక్కా కాలరు నెమ్మదిగా సరిచేసింది.