శ్రీవాసవి రెండో ఆల్బం

తుంగభద్ర కర్నూలు పాతబస్తీని ముంచిన ఏడు అది. నీళ్లు తగ్గి రెండు నెలలైనా ఓబులేసు చీరల అంగడి గోడకు బురద చార పోలేదు. ఒకరోజు పొద్దున్నే పక్కంగడి సుబ్బయ్య ఇంగ్లీషు పేపరు తెచ్చి చూపించాడు. అందులో ఓబులేసు కూతురు శ్రీవాసవి ఫోటో ఉంది. నల్లబట్టలు, కళ్లచుట్టూ మందంగా కాటుక. బెంగళూరులో గోతిక్ రాక్ బృందమొకటుంది; చావు మీదా చీకటి మీదా గిటార్లతో పాటలు కడతారు. అందులో గొంతు ఆమెదే. వాళ్ల రెండో ఆల్బం అప్పుడే వచ్చింది.

ఓబులేసు మాటలు తక్కువ మనిషి. చదువు మూడో తరగతి. పేపర్లో పడిందంటే మెచ్చుకున్నట్టే అనుకున్నాడు. ఆ కాగితానికి అద్దం కట్టించి, వాసవీమాత పటం పక్కన తగిలించి, కుంకుమ పెట్టి, చేమంతుల దండ వేశాడు.

మధ్యాహ్నం బట్టలు కుట్టే మహాదేవమ్మ అంగట్లోకొచ్చింది. దండ వేసిన ఫోటో చూసి చతికిలబడి, బంగారంలాంటి పిల్ల పోయిందని శోకం అందుకుంది. సరిగ్గా అప్పుడే శ్రీవాసవి సంచి భుజాన వేసుకుని గడప దాటి లోపలికొచ్చింది. మహాదేవమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

అందరూ పడీ పడీ నవ్వారు. శ్రీవాసవి మాత్రం అద్దంలోని పేపరు రాత చదివి ముఖం చిన్నబుచ్చుకుంది.

"నన్ను ఎగతాళి చేస్తాండావా నాయనా?"

మొదటి ఆల్బంలో నిప్పుండేదట, ఇది వట్టి చావింటి ఏడుపట. పేపరాయన రాసింది అదీ. అభిమానులు కూడా ఇంటర్నెట్లో రెండు జట్లై కొట్టుకుంటున్నారట. ఆదివారం కచేరీకి పోనని, బృందం వదిలేస్తానని చెప్పింది. గల్లాపెట్టె దగ్గరున్న తల్లి రాజ్యలక్ష్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. పీడ వదిలిందని, ఇక మంచి రంగు చీర కట్టుకుని అంగట్లో కూర్చోమని అంది.

ఓబులేసు ఒక చీరను విప్పి మడిచి, మళ్లీ విప్పి మడిచాడు.

"పెట్టు, విందాం" అన్నాడు చివరికి.

మనసు లేకుండానే ఆమె సంచిలోంచి చిన్న ప్లేయరు తీసి డిస్కు పెట్టింది. గిటార్ల మోతకు సుబ్బయ్య ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆమె గొంతు వచ్చింది. వరదలో పోయిన ఉయ్యాలను, రేడియోను, అమ్మ పెండ్లిచీరను ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలుస్తోంది. ఆ ఊళ్లో ఆడవాళ్లు పోయినవాళ్లను పిలిచి ఏడ్చే వరస అది. ప్రాణాలు దక్కాయి చాలని, సామాన్ల కోసం ఏడిస్తే నలుగురూ నవ్వుతారని అందరూ ఇన్నాళ్లూ నోరు మూసుకునే ఉన్నారు. రాజ్యలక్ష్మమ్మ పెండ్లిచీర దగ్గర కొంగు కళ్లకద్దుకుంది. మహాదేవమ్మ మళ్లీ ఏడ్చింది, ఈసారి తన కుట్టుమిషను కోసం.

"ఇంగోసారి పెట్టు పాపా. నా మిషను పేరు ల్యాకపాయె, దాన్ని గూడా చేర్చు" అంది ముక్కు చీదుకుంటూ. ఏడుస్తున్నవాళ్లే నవ్వారు.

"పేపరాయప్ప సరిగ్గానే రాసినాడు గదమ్మా" అన్నాడు ఓబులేసు. "చావింటి ఏడుపే. ఇంత పోతే ఈడ ఒక్కరన్నా ఏడ్చినారా? నువ్వు ఏడ్చినావు. ఆదివారం పోయి పాడు."

శ్రీవాసవి తండ్రి భుజానికి తల ఆనించింది. నల్లబట్టల్లోనే పాడాలా అని తల్లి నిదానంగా అడిగింది. అవునంటే, తలలో పూలన్నా పెట్టుకోమంది.

మరుసటి పొద్దున ఓబులేసు అంగడి తెరవలేదు. కూతురితో బెంగళూరు బస్సెక్కి, డ్రైవరు చేతికి డిస్కిచ్చి పెట్టమన్నాడు. ఊరు దాటకముందే వెనకసీటాయన, ఏం పాటప్పా ఇది, ఆపమని గొణిగాడు.

"మా పాపది. మొదుట్లో అట్లే ఉంటాది, రవంతసేపు ఇను" అని చెప్పి, ఓబులేసు లేచి వెళ్లి సౌండు పెంచాడు.