ముఖం ఇవతలికి

ఎలిజబెత్ పటాల ఫ్రేముల షాపు మెట్లెక్కేసరికి సొలొమోను సుత్తి మేకును వదిలేసి బొటనవేలి మీద పడింది.

"నా ఫొటో ఇచ్చేయండి," అందామె గొడుగైనా మూయకుండా. గవర్నర్‌పేటలో కురుస్తున్న వానంతా ఆమె వెనకే లోపలికొచ్చినట్టయింది.

సొలొమోను వేలు నోట్లోంచి తీశాడు. "ఫొటో ఏంటండీ? మీరిచ్చింది బొమ్మ. అదిగో, గోడకుంది."

ఎలిజబెత్ రంగులేసిన అంబారీ ఏనుగది. ఎండ పడని గోడ చూసి తగిలించాడు. గాజు రంగులకి అంటుకోకుండా చుట్టూ మౌంటు అట్ట పెట్టాడు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపాడు. ఒక్కరోజులో అయిపోయిన పని. రెండు వారాల్నించీ ఆమె వచ్చినప్పుడల్లా మాత్రం, "వానాకాలం కదండీ, జిగురు ఇంకా ఆరలేదు," అని చెప్పి పంపిస్తున్నాడు.

"బొమ్మతో పాటే కవర్లో పెట్టిచ్చానండి. స్టూడియోలో దిగింది. గట్టి అట్ట మీద అంటించి, పైన పల్చటి కాయితం కప్పుంటుంది. మీరు చూళ్ళేదా?"

"లేదండి."

"చూళ్ళేదో, చూసి ఊరుకున్నారో."

ఆ మాటలో విరుపు ఎందుకో సొలొమోనుకి అర్థం కాలేదు. "ఇప్పుడంత అర్జెంటేంటండీ?"

"గుడివాడ పంపాలంట. మా బాబాయి సాయంత్రం బస్సుకి వెళ్తున్నాడు. అక్కడి పెళ్ళికొడుకు చూస్తాడంట."

ఈసారి సుత్తి దెబ్బ వేలికి కాదు, గుండెకి తగిలింది. ఆ ఫొటో దొరక్కపోతే బాగుండుననుకుంటూనే వెతికాడు. ఫ్రేములకి కోసే బీడింగు చెక్కల కట్టలు కదిపాడు. గాజు పలకల మధ్య గడ్డి దులిపాడు. బల్ల కింద దూరి నెత్తికి బొప్పి కట్టించుకున్నాడు. బల్ల కిందే ఉండగా గుర్తొచ్చింది.

ఆమె బొమ్మ కవర్లో రెండు అట్టల మధ్య వచ్చింది. అందులో ఒకటి వంకర లేకుండా మహా గట్టిగా ఉంది. బొమ్మ నలగకుండా పెట్టిన అట్టే కదా అనుకున్నాడు. అదే వారం ఇల్లు కురిసి, అమ్మ పటం వెనక అట్ట నానిపోయింది. దాన్ని తీసేసి ఈ గట్టి అట్ట పెట్టి మేకులు కొట్టాడు.

"ఎక్కడుందో తెలిసిందండి. మా ఇంట్లో. మా అమ్మ పటం వెనక."

ఎలిజబెత్ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "అయ్యో, మీ అమ్మగారు లేరా?"

"ఉన్నారండి. గుణదలలో. అమ్మ మొక్కుకునే మరియమాత పటం అది."

ఆమె నవ్వాపుకుని గొడుగుతో గుమ్మం వైపు తిరిగింది. "పదండి. బాబాయి బస్సు టైమైపోతోంది."

గుణదల పోయే సిటీ బస్సు కిక్కిరిసి ఉంది. ఆమెకి ఆడవాళ్ళ సీటు దొరికింది. అతను పక్కన కమ్మీ పట్టుకుని వేలాడాడు.

"ఆ గుడివాడ ఆయన ఏం చేస్తారండీ?"

"బ్యాంకులో పని."

"మంచి ఉద్యోగమేనండి."

"మంచిదే. బ్యాంకువాళ్ళు చేతికొచ్చిన కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు." అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటి దగ్గర శౌరమ్మ చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. కొడుకు వెనక తడిసిన ఆడపిల్లని చూసి చాట పక్కన పెట్టింది.

"ఎవర్రా ఈ పిల్ల?"

"కస్టమరమ్మా. పటం దింపాలి."

"ఇప్పుడేగా కొవ్వొత్తి వెలిగించాను. మాతని దింపుతావేంట్రా?"

సొలొమోను పటం దింపాడు. దుప్పటి పరిచి పటాన్ని బోర్లా పెట్టాడు. బ్రౌన్ పేపరు ఒలిచాడు. పట్టకారుతో మేకులు లాగాడు. అట్ట తీసి, తిప్పి, పల్చటి కాయితం పైకెత్తాడు.

ఫొటోలో ఎలిజబెత్ తిన్నగా అతన్నే చూస్తోంది. చెమ్మ తగల్లేదు, మచ్చ పడలేదు.

"ఇందండి," అన్నాడు. "మీరు మర్చిపోయి కవర్లో వదిలేసుంటారు. తప్పు నాదే."

"మర్చిపోలేదండి."

అతను తలెత్తాడు.

"మీకనే పెట్టాను. దుమ్ము దులుపుతారు, చెమ్మ రాకుండా కాయితం అంటిస్తారు. ఇన్ని చేసే మనిషి ఒక్కసారి తిప్పి చూడరా? వచ్చినప్పుడల్లా జిగురు ఆరలేదంటారు గానీ ఫొటో మాటెత్తరు. నచ్చలేదని నోటితో చెప్పలేక తిప్పుతున్నారనుకున్నాను."

"జిగురు మొదటిరోజే ఆరిందండి."

"మరి?"

"ఆరిందంటే మీరు బొమ్మ పట్టుకెళ్ళిపోతారు కదండీ. మళ్ళీ ఎందుకొస్తారు?"

ఎలిజబెత్ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వు మాత్రం కళ్ళలోంచి వచ్చేసింది.

శౌరమ్మ ఫొటో అందుకుని దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. ఫొటోని చూసింది, పిల్లని చూసింది, పటాన్ని చూసింది.

"పొద్దునా సాయంత్రం ఈ పటం ముందే మోకరించి, వీడికో పిల్లని చూపించు తల్లీ అంటున్నాను. ఆవిడ వెనకే పెట్టుకుని కూర్చుందన్నమాట." లేచి గొడుగందుకుంది. "మీ నాన్నగారెక్కడుంటారమ్మా?"

"రైల్వే క్వార్టర్స్‌లోనండి. అబ్రహాముగారు, గార్డు. ఈ ఫొటో సాయంత్రం బస్సుకి గుడివాడ సంబంధానికి పంపుతున్నారు."

"నడవండి. ఆ బస్సు కదిలేలోపు చేరాలి."

వాళ్ళు చేరేసరికి బాబాయి సంచి భుజానేసుకుని మెట్లు దిగుతున్నాడు. వరండాలో అబ్రహాము చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"ఫొటో తెచ్చామండి," అంది శౌరమ్మ వగరుస్తూ. "కానీ గుడివాడ పంపడానికి కాదు. మా ఇంటికి అడగడానికొచ్చాను."

అబ్రహాము తడిసి ముద్దయిన సొలొమోనుని చూశాడు. మాసిపోయిన ఆ చేతుల్ని చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఫొటో ఈ అబ్బాయి దగ్గరికెలా పోయింది?"

"నేనే ఇచ్చాను నాన్నా."

సొలొమోను మాసిన చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒరేయ్," అన్నాడు అబ్రహాము తమ్ముడితో, "సంచి దించు. ఈ వానలో గుడివాడేం పోతావు గానీ, లోపల టీ పెట్టమను. అందరికీ."

పెద్దవాళ్ళు లోపలికెళ్ళారు. ఎలిజబెత్ ఫొటోని మళ్ళీ సొలొమోను చేతిలో పెట్టింది.

"మంచి ఫ్రేమేసి మీ ఇంట్లో పెట్టుకోండి," అంది. "ఈసారన్నా ముఖం ఇవతలికి పెట్టి బిగించండి."