పొట్లాల మీద అమ్మ చేతిరాత

ఆ ఉదయం కూడా నాన్న పుక్కిలించే చప్పుడుకే అమ్మడికి మెలకువ వచ్చింది. వంటగదిలో అమ్మ టీ వడకడుతూ, కుళాయి బాగుచేసేవాడు ఇవాళా ఎగ్గొట్టాడని గొణుగుతోంది. వయసు పాతికేళ్ళు దాటినా, జన్యుశాస్త్రంలో పెద్ద చదువు చదివినా ఇంట్లో ఆమె అమ్మడే. ఏడాదిగా నాన్న నడిపే విత్తన పరిశోధనా కేంద్రంలోనే పనిచేస్తోంది.

ఆరువేల టమాటా మొక్కల ఆకులూ, గింజలూ ఆ కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు నాన్న విత్తనాలను మందులో నానబెట్టి, ఒక్కో మొక్కలో ఒక్కోలా జన్యువులు మారేటట్టు చేసి పెంచినవి అవి. ఫలానా జన్యువు ఏ మొక్కలో మారిందో వెతికిపెట్టమని పంటల మీద పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అడుగుతారు. ఆకులను పరీక్షించి మొక్క నంబరు కనిపెట్టి, అదే నంబరున్న పొట్లంలోంచి గింజలు పంపుతారు.

టీ తాగుతూ అమ్మడు ఫోన్‌లో ఒక ఉత్తరం చూసింది. మీరు పంపిన గింజల్లో మీరు చెప్పిన మార్పు కనబడటం లేదని ఒక పరిశోధకురాలు మూడోసారి రాసింది. నాన్న తలెత్తకుండానే, పొట్లంలో ప్రతి గింజకీ ఆ మార్పు రాదని, ఇంకో నలభై విత్తుకోమని జవాబివ్వమన్నాడు.

"పరీక్ష చేసుకోవడం చేతకాక మన ప్రాణం తోడేస్తారు" అని కప్పు కింద పెట్టాడు.

అమ్మడు ఆ జవాబు పంపలేదు. ఆ పొట్లంలోంచే నలభై గింజలు తీసి తనే కుండీల్లో వేసింది. మొలకలొచ్చాక అన్నింటినీ పరీక్షించింది. ఒక్కదానిలోనూ మార్పు లేదు. పక్కనున్న పది పొట్లాలూ అంతే, అన్నీ మామూలు టమాటాలే. అప్పుడు ఆ అరకేసి పరీక్షగా చూసింది. పొట్లాల మీద అంకెలు తక్కిన అరల్లోలా లేవు. ఏడు అంకె నడుం మీద అడ్డగీత. ఆ గీత ఎవరు గీస్తారో ఆమెకు తెలుసు.

గిడ్డంగి చూసుకునే ముసలాయనను నిలదీస్తే చివరికి చెప్పాడు. రెండేళ్ళ కిందట చల్లగది చెడిపోయి ఆ అరకంతా చెమ్మ పట్టింది. మూడువందల పొట్లాలు బూజెక్కాయి. అర వెనక ఇరుక్కుపోయిన ఒక పొట్లాన్ని ఆయన గరిటెతో గీకి తీశాడు. నల్లటి జిగురు, కుళ్ళు కంపు. అమ్మడు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అమ్మడు కంచం పక్కకు జరిపి, ఆ గింజలు ఎక్కడివని నాన్ననడిగింది. ఆయన బదులు అమ్మే చెప్పింది. సంచిలో గింజలు తెచ్చి ఇచ్చారట, ఈ బల్ల మీదే పది రోజులు కళ్ళు లాగేలా నంబర్లు రాసిందట.

నాన్న నిమ్మళంగా ముద్ద కలుపుతూ, "ఆరువేలని అందరికీ చెప్పుకున్నాం. మూడువందలు పోయాయంటే మన ముఖం ఎవరు చూస్తారు? పంపింది టమాటా గింజలే కదా, విషం కాదుగా" అన్నాడు.

ఆ ముద్ద కలిపే వేళ్ళను చూడలేకపోయింది అమ్మడు. చిన్నప్పుడు తనకు అన్నం తినిపించిన వేళ్ళే అవి.

"ఆ బూజును చూసినప్పుడు కూడా నాకింత రోత పుట్టలేదు నాన్నా" అంది.

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పాత పొట్లాలు చిరిగాయి, కొత్తవి కావాలి అన్నారే తప్ప గింజలు వేరని తనకు చెప్పలేదు. "నా చేత అబద్ధం రాయించారా?" అంది. ఆమె లేచి చెయ్యి కడుక్కుని, ఫోన్ తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"మూడుసార్లు రాసిన ఆ అమ్మాయికి చెప్పండి. నా ఎదురుగా."

నాన్న చెయ్యి తుడుచుకుని, స్పీకర్ పెట్టి నంబరు నొక్కాడు. గింజలు మారాయని, ఆ సంగతి తనకు ముందే తెలుసని తడబడుతూ చెప్పాడు. అవతలి గొంతు వెంటనే అడిగింది.

"అయితే నా పరీక్ష సరైనదేనా సార్?"

"సరైనదేనమ్మా. మూడుసార్లూ."

ఆ పిల్ల ఏడుపు గదంతా వినిపించింది. తన చేతికి పని రాదని, ఈ చదువు తనకెందుకని గురువు నలుగురిలో అన్నాడట. తనూ నమ్మింది. మానేస్తానని నిన్ననే కాగితం రాసిచ్చిందట.

నాన్న ముఖం పాలిపోయింది. వాళ్ళ గురువు నంబరు అడిగి తీసుకుని, అప్పటికప్పుడే ఆయనతో మాట్లాడాడు. తప్పు తమదేనని, ఆ కాగితం చించెయ్యమని బతిమాలాడు. ఫోన్ పెట్టేశాక రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆరువేల మొక్కలకూ తన చేత్తో నీళ్ళు పోసి పెంచిన మనిషి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

అమ్మడిలో రోత పోలేదు. ఆయన దగ్గరికి వెళ్ళాలనీ అనిపించలేదు. ఆ అరలోంచి గింజలు అందుకున్నవాళ్ళు ఇంకా ఇరవై ఆరుగురున్నారని మాత్రం చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకుని జాబితా ఇమ్మన్నాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేరు చదివింది.

"మా దగ్గర చిన్న పొరపాటు జరిగిందండీ..." అని మొదలుపెట్టి నాన్న ఆగిపోయాడు.

"కాదండీ. నేనే మోసం చేశాను."

అమ్మడు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.