పసుపు పాకలో వెలుగు

మా ఒడ్డున పసుపు రంగు వేసిన పడవల పాక ఒకటుంది. పోయిన శీతాకాలం దాని ముందు ఒక్క మనిషి ఆగేవాడు కాదు, పట్టపగలు కూడా. ఉత్తర ధ్రువం పక్కనున్న మా ఊళ్లో పగలంటే ఏపాటి పగలు లెండి. నవంబరు చివర్లో పోయిన సూర్యుడు మళ్లీ జనవరిలో గానీ మొహం చూపించడు. మధ్యాహ్నం మూడింటికే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

ఆ పాక ఐలర్ట్‌ది. పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీసేవాడు. అంతకుముందు మార్చి నెలలో సముద్రంలో పోయాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ పడవ దొరికిన చోటే ఎవరికీ అంతుపట్టలేదు. సముద్రపు పాయకి అవతలి ఒడ్డున, వాళ్లక్క గుద్రున్ ఇంటి కిందున్న రేవులో. అక్కాతమ్ముళ్లకి అప్పటికి ఏడాదిగా మాటల్లేవు. మరి అటెందుకు వెళ్లినట్టు? తాగి దారి తప్పాడన్నారు కొందరు. కావాలనే పోయాడని అన్నారు ఇంకొందరు... గుద్రున్ చెవిన పడేలాగే అన్నారు.

డిసెంబరులో ఆ పాకలో వెలుగు మొదలైంది.

దీపం కాదు. కిటికీ ఈ చివర పుట్టి, మెల్లగా ఆ చివరికి పాకి, టక్కున ఆరిపోయేది. కాసేపటికి — మళ్లీ.

నేను నమ్మలేదు. పదకొండేళ్లుగా నా కొట్టు మేడమీద ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒంటరి కొంపలో ఆ చీకటి రోజులు మనిషికి ఏమేం చూపిస్తాయో నాకు తెలీదా? కానీ ఉత్తరాలు పంచే హాల్డోర్ ఒకనాడు మంచులా తెల్లబోయిన మొహంతో నా కొట్టులోకి వచ్చి కూలబడ్డాడు. అతను చెప్పింది విన్నది విన్నట్టు చెబుతాను.

మలుపులో బండి మంచులో దిగబడిపోయిందట. నడుచుకుంటూ వస్తున్నాడు. పాక ముందుకి వచ్చేసరికి కిటికీలో వెలుగు పాకింది. దాంతోపాటే లోపల్నుంచి సన్నగా — జ్‌ర్‌ర్‌ర్... 

కింద చూశాడు. గుమ్మం ముందు కొత్త మంచు. దాని మీద ఒక్క అడుగు లేదు.

"మరి పారిపోలేదేం?" అన్నాను.

"కాళ్లు కదల్లేదక్కా. అదీగాక... ఐలర్ట్‌తో ముప్పై ఏళ్లు పేకాడినవాణ్ణి. వాడే అయితే పలకరించకుండా ఎలా పోను?"

తలుపు తోశాడు. లోపల చీకటి, బయటికన్నా చలి. ఆ చీకట్లో కంప్యూటర్ స్క్రీన్ ఒక్కటే తెల్లగా ఉంది. దాని ముందు ఎవరో, ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. కదలడం లేదు. స్క్రీన్ మీద ఏదో బొమ్మ... అద్దం మీద ఊదిన ఆవిరిలా, ఉందా లేదా అన్నట్టు.

తల తిప్పకుండానే ఆ మనిషి గుసగుసగా అంది —

"తమ్ముడూ... వచ్చావా?"

హాల్డోర్‌కి పై ప్రాణాలు పైకే పోయాయి. "నే... నేను. హాల్డోర్‌ని."

ఆ మనిషి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. గుద్రున్!

"దీపం పెట్టుకోకూడదటమ్మా? దెయ్యమని ఊరు ఊరంతా హడలి చస్తోంది!"

"దీపముంటే బొమ్మ చెడిపోతుంది. వాడి ఆఖరి బొమ్మల పుస్తకం లావు. స్కానర్ మూత పూర్తిగా పడదు. ఆ సందులోంచి గదిలో వెలుతురు దూరుతుంది."

ఆ సందులోంచే స్కానర్ వెలుగూ బయటికొచ్చి కిటికీ మీద పాకేదన్నమాట. ఊరి కళ్లబడటం ఇష్టంలేక ఆమె చుట్టూ తిరిగి ఒడ్డు వెంటే నడిచి, వెనక తలుపున వచ్చేది. ఆమె అడుగుల్ని పోటు నీళ్లు చెరిపేసేవి.

అక్కాతమ్ముళ్ల పనే అది. తమ్ముడు పెన్సిల్‌తో కాగితం మీద గీసేవాడు. అక్క దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతలు దిద్ది, రంగులు నింపేది. చెడింది ఆఖరి పుస్తకం దగ్గర. ఒక పిల్లాడు పడవేసుకుని సముద్రం మీదికి పోతాడు. తిరిగి రాడన్నాడు తమ్ముడు. "పిల్లల పుస్తకంలో పిల్లాడు ఇంటికి రాకపోతే ఎలారా?" అంది అక్క. "అబద్ధం గియ్యను" అన్నాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. అతని పుస్తకంలో ముప్పై రెండో కాగితం, ఆఖరిది, ఖాళీగా ఉండిపోయింది.

"ఇదిగో, చూడు" అని గుద్రున్ పుస్తకాన్ని ఆ కాగితం దగ్గర తెరిచి హాల్డోర్ చేతిలో పెట్టింది. తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. కానీ స్క్రీన్ మీద...

హాల్డోర్ వెనక్కి అడుగేశాడు.

"భయపడకు. వాడి గీతలు పలచన. కనపడాలని ప్రతి బొమ్మకీ నలుపు పెంచేదాన్ని. ఖాళీదని వదల్లేక దీన్నీ స్కాన్ చేశాను, నలుపు తగ్గించడం మర్చిపోయాను. దీని పై కాగితం మీద వాడు నొక్కి గీశాడు, హాల్డోర్. గీసి చించుకున్నాడు. ఆ నొక్కులు దీని మీద పడ్డాయి. కంటికి ఆనవు గానీ, స్కానర్ పక్కవాటు వెలుతురుకి తేలాయి."

కుట్టు దగ్గర చించిన అంచు చూపించింది. హాల్డోర్ వంగి చూశాడు. స్క్రీన్ మీద ఒడ్డు. లాంతరు పట్టుకున్న ఆడపిల్ల. ఇసుక తాకిన పడవ ముక్కు. ఒక కాలు బయట పెట్టిన పిల్లాడు.

"నేనడిగిన బొమ్మే" అంది గుద్రున్.

"మరి ఆ చించిన కాగితం?"

"పాకంతా వెతికాను. లేదు." గొంతు తగ్గించింది. "జేబులో పెట్టుకుని ఉంటాడు. నాకు చూపించడానికి... నా దగ్గరికే వస్తున్నాడు, హాల్డోర్."

హాల్డోర్ నాకు చెప్పింది ఇదీ. కావాలనే పోయాడని గుద్రున్ వినేలా అన్నవాళ్లలో మొదటిదాన్ని నేనే. ఈ కొట్టులోనే, ఆమె రొట్టె కొనుక్కుంటుండగా అన్నాను.

మర్నాడు మూడింటికి కొట్టు మూసి, ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని పాక దగ్గరికి నడిచాను. కిటికీలో వెలుగు పాకుతోంది. తలుపు తట్టాను.

లోపల జ్‌ర్‌ర్ చప్పుడు ఆగింది.

"ఎవరూ?" అంది గుద్రున్... ఎంత ఆశగా అందంటే, నా పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు.