మూడో సాక్ష్యం

ఒంగోలు బస్సు డిపోలోని సాక్షి గదిలో శ్రీపతి ఆ పూట అప్పటికే రెండు నడుంనొప్పులు, ఒక పంటిపోటు మోసి ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న డ్రైవరు జానీబాషా చొక్కా చేయి మడిచి, బాధాసేతువు పట్టీని తానే ముంజేతికి చుట్టుకున్నాడు. దాని జోడీ పట్టీ శ్రీపతి చేతికి ఉంది. మీట నొక్కగానే శ్రీపతి మెడ వెనకనుంచి కుడిభుజం దాకా, తడిగుడ్డ పిండినట్టు ఒక మెలి తిరిగింది.

“మెడ. కుడివైపు. బాగానే ఉంది,” అన్నాడు శ్రీపతి, మీట ఆపి. “రెండు రోజులు ఇంట్లో పడుకో.”

“బాగానే ఉందంటారేంటి సార్, పెళ్ళిభోజనం తిన్నట్టు,” అన్నాడు జానీబాషా.

ఆ కాలంలో నోటితో చెప్పిన నొప్పికి విలువ లేదు. సెలవుకైనా, మందుకైనా, కోర్టులో దెబ్బల కేసుకైనా మరో మనిషి దాన్ని తన ఒంట్లోకి తీసుకుని, ఉందని చెప్పాలి. సేతువు వచ్చాక చాలా మేలు జరిగింది. పసిబిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో తల్లికి తెలుస్తోంది. కాన్పుగది బయట భర్తలు పట్టీ కట్టుకుని కూర్చోవడం ఆనవాయితీ అయింది. పళ్ళ డాక్టర్ల చేతులు మెత్తబడ్డాయి. శ్రీపతి ఇవేవీ కాదనడు. ఆ పట్టీయే అతనికి అన్నం పెడుతోంది.

కానీ ఊళ్ళోవాళ్ళ నొప్పులన్నీ అందే అతనికి, భార్య కడుపునొప్పి మాత్రం అందలేదు.

హైమకు నాలుగేళ్ళుగా కడుపులో నొప్పి. ఆస్పత్రిలో యంత్రాలు ఆమె పొట్టను పొరలు పొరలుగా చిత్రాలు తీశాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇక మిగిలింది సాక్ష్యం. దగ్గరి మనుషుల మధ్య బాధ సులువుగా దాటుతుందని సేతువు తయారుచేసినవాళ్ళు నమ్మారు. అందుకే డిపో సెలవుల్లా కాకుండా, ఆస్పత్రి కేసుల్లో సాక్షి బంధువై ఉండాలని నియమం పెట్టారు. శ్రీపతి రెండుసార్లు పట్టీ కట్టుకున్నాడు. రెండుసార్లూ వేళకు తిననప్పటి ఆకలి లాంటిది ఏదో లీలగా తగిలింది, అంతే. శుక్రవారం మూడోసారి. అప్పుడూ ఏమీ అందకపోతే ‘అకారణం’ అని రాసి, హైమను మనసు వైద్యుల దగ్గరికి పంపేస్తారు. ఆమె కడుపు సంగతి ఆ తర్వాత ఎవరూ చూడరు.

జానీబాషా పట్టీ విప్పుతూ, “మీకివ్వాలంటే మొహమాటం లేదు సార్. జీతం తీసుకుంటన్నారు, మొయ్యండి. మా ఆవిడకే ఇవ్వలేకపోయా,” అన్నాడు.

“ఏం?”

“మొన్న తను కట్టుకుంది. ఆమె మొహం అట్టా ముడుచుకునేసరికి నా ఒళ్ళు బిగుసుకుపోయింది. ఇంక ఎంత తన్నుకున్నా పోలా. పైగా నాటకాలేస్తన్నావా అని నన్నే తిట్టింది.”

జానీబాషా వెళ్ళిపోయాక కూడా శ్రీపతి పట్టీ విప్పకుండా చాలాసేపు కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి హైమ గోరుచిక్కుడు కాయలు ఈనెలు తీస్తోంది. అతను చెప్పులు విప్పి ఎదురుగా కూర్చున్నాడు.

“హైమా, నువ్వు ఆపుతున్నావా?”

ఏమిటని ఆమె అడగలేదు. ఇంకో రెండు కాయలు విరిచింది.

“ఆపాలని కాదండీ. మొదటిసారి మీట నొక్కకముందే మీరు పెదవి కొరుక్కున్నారు. నేను చూశాను. అప్పట్నుంచీ మీ చేతికి ఆ పట్టీ కనపడితే చాలు, అది లోపలికి వెళ్ళిపోతోంది. నేను రమ్మన్నా రాదు.”

“నేను ఓర్చుకోగలను. నా ఉద్యోగమే అది.”

“మీరు ఓర్చుకోగలరు. నాకే చేతకావడం లేదు.”

అతను చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఊరికే చేతిలో తిప్పాడు. “అయితే మొహం ఎలా మారినా నీకు పట్టనివాళ్ళెవరో కావాలి. బంధువులై ఉండాలి.”

ఇద్దరూ ఆలోచించారు. ఇద్దరికీ ఒకే మనిషి తట్టింది. హైమకు నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకముందే చెయ్యి కడుపు మీదకు పోయింది.

“విశాలవదినని పిలవండి,” అంది.

విశాలాక్షి శ్రీపతి అక్క. చీరాలలో ఉంటుంది. ఆమె కూతురి ఓణీల వేడుకలో హైమ వడ్డిస్తూ వడ్డిస్తూ మధ్యలో గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. “పని ఉన్నప్పుడే వస్తుందమ్మా ఆవిడ నొప్పి,” అని విశాలాక్షి బంధువులందరి ముందూ అంది. ఆ తర్వాత రెండిళ్ళకూ రాకపోకలు తగ్గాయి.

ఫోన్లో సంగతి విని ఆమె, “ఏరా, మీ ఆవిడ కడుపునొప్పికి ఒంగోల్లో మనుషులే దొరకలేదా?” అంది.

“హైమే నిన్ను రమ్మంటోంది అక్కా.”

“నా మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో.”

“ప్రేమ లేదనే రమ్మంటోంది.”

విశాలాక్షి నవ్వింది. “ఆ మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. వస్తాలే.”

శుక్రవారం ఆస్పత్రిలో డాక్టర్ నఫీసా సంగతంతా విని, శ్రీపతిని తెర అవతల కూర్చోమంది. హైమకు అతను కనపడకూడదు. తెర వెనకనుంచి అతనికి మాటలు మాత్రం వినిపించాయి.

“వదినా, కొంచెం గట్టిగానే ఉంటుంది,” అంటోంది హైమ.

“ఉండనీవే. నాటకమో కాదో ఇవాళ తేలిపోతుంది.”

మీట చప్పుడైంది. తర్వాత కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకుపోయాయి. ఎవరూ అరవలేదు. తన అక్క ఊపిరి పీల్చుకోవడానికి తంటాలు పడుతోందని శ్రీపతికి కొంతసేపటికి గానీ అర్థం కాలేదు.

“ఎక్కడో చెప్పండి,” అంది డాక్టర్.

“బొడ్డుకి కుడిపక్కన.” విశాలాక్షి గొంతు ఆమెదిలా లేదు. “లోపల కాదు డాక్టరుగారూ. పైపైనే. వేలు పెట్టి చూపించేంత చోటు. సూది గుచ్చి, దాన్ని అక్కడే తిప్పుతున్నట్టుంది.”

డాక్టర్ లేచి మంచం దగ్గరికి వెళ్ళిన అడుగుల చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళలో హైమ పొట్ట మీద వేలు పెట్టి చూసిన డాక్టరు లేరు. చిత్రాలు ఉండగా ఆ అవసరం ఎవరికీ తోచలేదు.

“ఇక్కడా?”

“అక్కడే.”

“హైమగారూ, చేతులు ఆనించకుండా తల, భుజాలు పైకెత్తండి. విశాలాక్షిగారూ, ఇప్పుడెలా ఉంది?”

“ఎక్కువైంది. దించమనండి. ముందు దించమనండి.”

డాక్టర్ నెమ్మదిగా చెప్పింది. “పేగుల్లోనో కాలేయంలోనో నొప్పయితే, పొట్ట కండరం బిగిస్తే అది అడ్డు నిలబడుతుంది. నొప్పి పెరగదు. ఇది పెరుగుతోంది. పొట్ట గోడలోనే, కండరం సందులో ఒక సన్నని నరం నలుగుతున్నట్టుంది. చిత్రాల్లో అంత తేలిగ్గా దొరకదు. బరువెత్తినా, వంగి లేచినా, గట్టిగా నవ్వినా దాన్ని నొక్కినట్టే. అంటే పని చేస్తున్నప్పుడే వస్తుంది, అవునా?”

శ్రీపతి తెర అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“అవును,” అంది విశాలాక్షి చివరికి. “పని ఉన్నప్పుడే వస్తుంది.”

డాక్టర్ ఆ చోటనే మత్తుమందు సూది వేసింది. నరమే అయితే కాసేపట్లో తెలిసిపోతుందని చెప్పింది. విశాలాక్షి పట్టీ విప్పనివ్వలేదు. గోడగడియారం మీద పది నిమిషాలు గడిచాయి.

“పోయింది,” అంది విశాలాక్షి.

ఆ తర్వాతే హైమ గొంతు వినిపించింది. “అవును వదినా.”

శ్రీపతి తెర తీసేసరికి విశాలాక్షి కుర్చీ మంచానికి ఆనించి ఉంది. ఆమె ముఖాన చెమట పట్టి, బొట్టు చెదిరిపోయి ఉంది. “దీంతోనేనటే ఆ రోజు అంతమందికి వడ్డించావు?” అని అడుగుతోంది. హైమ ఆమె నుదుటి మీద చెదిరిన బొట్టును కొంగుతో తుడుస్తోంది. ఇద్దరూ అతనికేసి చూడలేదు.

సూది మళ్ళీ ఒకటి రెండుసార్లు వెయ్యాల్సి రావచ్చని, తప్పకపోతే చిన్న ఆపరేషన్ చేద్దామని డాక్టర్ చెప్పింది. దేనికైనా ఇప్పుడు జబ్బుకొక పేరుంది, చోటుంది. శ్రీపతి ఆమెకు నమస్కారం పెట్టాడు. నాలుగేళ్ళుగా అతను కోరుకున్నది అదే.

విశాలాక్షి చీరాల వెళ్ళకుండా ఉండిపోయింది. వదినామరదళ్ళు వంటింట్లో ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు. చింతపండు ఎక్కువైందని ఒకరు, నోరు మూసుకుని తినమని ఒకరు. మధ్యలో ఎందుకో ఇద్దరూ ఒకేసారి మాట ఆపేస్తున్నారు. తాను అడుగుపెట్టినప్పుడే ఆ మాట ఆగుతోందని శ్రీపతి గమనించాడు.

హైమ స్నానానికి వెళ్ళినప్పుడు అక్క దగ్గర కూర్చుని, “అది ఎలా ఉండేదక్కా?” అని అడిగాడు.

విశాలాక్షి చెప్పబోయింది. అతని ముఖం చూసి ఆగింది. “డాక్టరుకి చెప్పింది విన్నావు కదరా.”

“విన్నాను.”

“అంతే మరి. ఇంకేముంది చెప్పడానికి?”

రాత్రి భోజనాల దగ్గర హైమను అడిగాడు. ఆమె నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. “పోయాక గుర్తుండదండీ,” అంది, తప్పు చేసినదానిలా. “బాగా నొప్పని గుర్తుంది. నొప్పి గుర్తులేదు.”

ఆమె హాయిగా నవ్వుతోంది. చేయి కడుపు మీదకు పోకుండా పూర్తిగా నవ్వుతోంది. అతనికి ఇంకేం కావాలి? అలా అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున మంచినీళ్ళకని వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. హైమ నేల మీదున్న బియ్యం డబ్బాను రెండు చేతులా ఎత్తుతోంది. గూడు దాకా ఎక్కడా ఆగకుండా ఎత్తి పెట్టేసింది. మూల పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న విశాలాక్షి చేతిలోంచి కత్తి జారింది. ఆమె చెయ్యి తన బొడ్డుకి కుడిపక్కకి పోయి, అక్కడ గట్టిగా అదుముకుంది.

హైమ గబగబా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. “ఉందా వదినా?”

“లేదే. నువ్వెత్తుతుంటే భయమేసింది, అంతే.”

హైమ ఆమె చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కాసేపు అలాగే కూర్చున్నారు.

శ్రీపతి గుమ్మంలోనే నిలబడి, తన వేలు తన బొడ్డుకి కుడిపక్కన ఆనించి చూసుకున్నాడు. కొంచెం నొక్కాడు. అక్కడ ఏమీ లేదు.