సొరంగం దారి

"సొరంగం దారి వద్దు. పాత దారినే వెళ్దాం," అన్నాడు డ్రైవరు.

అంతవరకూ నవ్వుకుంటున్న ఇల్లు ఒక్కసారి ఆగింది. మనవడి కాళ్లకు నూనె రాస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది. కిటికీ దగ్గర కుట్టుమిషను తొక్కుతున్న కోడలి పాదం ఆగింది. ఆడపడుచు మాత్రం ఆగలేదు.

"అదేంటన్నయ్యా! సొరంగం తవ్వాక పాత దారిలో ఎవరైనా వెళ్తున్నారా? కొండ చుట్టూ తిప్పి తిప్పి తీసుకెళ్తే ఈ పసివాడి పేగులు నోట్లోకి వస్తాయి!"

"సొరంగంలో ట్రాఫిక్ ఎక్కువ."

"ట్రాఫిక్ ఉందని డ్రైవరే భయపడితే మేమేం చెయ్యాలి? నడిచి వెళ్లాలా?"

"పొద్దు పొడిచాక బయల్దేరదాం," అన్నాడతను, ఆ మాట విననట్టే. "మూడింటికి కొండ దిగిపోవాలి. దర్శనం అయినా, కాకపోయినా."

"దర్శనం కాకుండా దిగడమేంట్రా!" అత్తగారు నూనె గిన్నె పక్కకు నెట్టింది. "అంతదూరం వెళ్లేది స్వామికి నీ కారు చూపించడానికా?"

ఆడపడుచు పకపకా నవ్వింది. డ్రైవరు నవ్వలేదు. తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ కొండకి అతను ఎన్నిసార్లు వెళ్లాడో అతనికే తెలియదు. పెళ్లయినప్పటినుంచీ అదే బేరం. పొద్దున్నే కుటుంబాల్ని ఎక్కించుకోవడం, కొండమీద దింపడం, వాళ్లు దర్శనం చేసుకుని వచ్చేదాకా సీటు వెనక్కి వాల్చుకుని పడుకోవడం, సాయంత్రానికి ఇళ్ల దగ్గర దించడం. గుడిలోకి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. అతని భార్య కూడా వెళ్లలేదు. ప్రతి ప్రయాణానికి ముందు ఆమే కారు లోపలంతా తుడిచేది. ముందు సీటు తుడుస్తూ, ఎప్పుడో ఒకరోజు తను ఇందులో, అతని పక్కన కూర్చుని కొండెక్కుతాననుకునేది. ఆ రోజు వచ్చింది. ఆడపడుచుకి రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన నేలమీద పడుకున్నది వదినే. మూడోసారి అత్తగారు మొక్కుకుంది. బిడ్డ లేచి కూర్చోగానే తీసుకొచ్చి నీ ఎదుట కూర్చోబెడతాను స్వామీ అని. బిడ్డ పోయిన వారం కూర్చున్నాడు. ఓ పక్కకి ఒరిగి, చెయ్యి ఆనించి, మళ్లీ కూర్చున్నాడు. ఇల్లంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లతోనే ఎల్లుండికి ప్రయాణం ఖాయమైంది.

మర్నాడు మధ్యాహ్నం కోడలు బకెట్టూ గుడ్డా పట్టుకుని కారు దగ్గరికి వెళ్లింది. ఎడమవైపు అద్దానికి టేపు చుట్టి ఉంది. అదే వైపు, ముందు తలుపునుంచి వెనక తలుపుదాకా గీత పడి ఉంది. ఎవడో పార్కింగులో గీరేశాడని చెప్పాడతను. గీత మీద వేలు పెట్టి చూసింది. గీతలో తెల్లటి పొడి ఉంది. కారు రంగు కాదది... గోడ సున్నం!

గుడ్డ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. రాత్రి బేరాలు మానేశాడు. అడిగితే, తాగుబోతులతో పడలేకపోతున్నానన్నాడు. పొద్దు వాలకముందే ఇంటికొస్తున్నాడు, వస్తూనే లైట్లన్నీ వేయమంటున్నాడు. సాయంత్రాలు మిషను దగ్గర కూర్చుని ఆమెకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. ఈ మధ్య, పొద్దున ఎక్కిస్తాలే అంటున్నాడు. మొగుడికి తన మీద విసుగొచ్చిందేమోనని నెలల తరబడి కుమిలిపోయింది. ఇప్పుడు ఆ విసుగే నిజమైతే బాగుండుననిపించింది!

ఆ సాయంత్రం అత్తగారు బిడ్డకు టోపీ కొనాలని కూతురితో బజారుకి వెళ్లింది. చీకటి పడినా కోడలు లైట్లు వేయలేదు. వంటింటికీ ముందు గదికీ మధ్య నడవాలో నిలబడింది. వీధి వెలుతురు గడప దాటి లోపలికి పడుతూనే ఉంది. ఆమెకు అతని చొక్కా గుండీలు కూడా కనిపిస్తున్నాయి. అతను ముందు గదిలోంచి గోడకు చెయ్యి ఆనించి నడుచుకుంటూ వచ్చాడు. ఆమె కదల్లేదు. నేరుగా వచ్చి ఆమెను గుద్దుకున్నాడు.

"ఎవరది?" అన్నాడు.

కట్టుకున్న పెళ్లాన్ని, బెత్తెడు దూరంలో ఉన్న మనిషిని... ఎవరది అని అడిగాడు!

ఆమెకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపుని బట్టి అతను గుర్తుపట్టాడు. తడుముకుని ఆమె భుజం పట్టుకున్నాడు.

"పగలు బాగానే ఉంటుంది," అన్నాడు. "ఎండలో అన్నీ కనిపిస్తాయి. చీకటి పడితే... గొట్టంలోంచి చూసినట్టుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందు లేదన్నాడు. నాన్నకి వచ్చిందే. నాన్న కూడా మొదట ఇలాగే గోడలు పట్టుకున్నాడు."

"సొరంగంలో?"

అతను కింద కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంది.

"పోయిన నెల కొండనుంచి బేరంతో వస్తున్నాను. సొరంగంలోకి వెళ్లాను. అంతే... ఏమీ లేదు. రోడ్డు లేదు, గోడ లేదు. ముందు ఒక లారీ ఉంది. దాని వెనక ఎర్ర లైట్లు రెండూ కనిపించాయి. వాటినే పట్టుకుని బయటపడ్డాను. మధ్యలో ఒకసారి గోడకి రాసుకుంది."

"వెనక సీట్లో ఎవరున్నారండీ?"

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పిల్లలున్నారా?"

"నిద్రపోతున్నారు."

"వాళ్లూ ఎవరో కన్న బిడ్డలేగా!" ఆమె అతని గుండెల మీద గుద్దింది. "ఆ లారీ లేకపోతే? చెప్పండి, ఆ లారీ లేకపోతే ఏమయ్యేది?"

"అందుకే పాత దారి అంటున్నాను. ఈ ఒక్కసారి! ఊరందర్నీ కొండెక్కించాను. మా అమ్మనీ నిన్నూ ఎక్కించలేదు. ఒక్కసారి మిమ్మల్ని తీసుకెళ్లి బండికి తాళం పెట్టేస్తాను. ఒట్టు!" అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "అమ్మకి చెప్పకు. నాన్నని చెయ్యి పట్టుకుని నడిపించీ నడిపించీ ఆవిడ జీవితం అయిపోయింది. ఇంకోసారి అదంతా చూసి తట్టుకోలేదు. నా మీద ఒట్టు పెట్టు."

ఆమె ఒట్టు పెట్టింది. ఆ తర్వాత లేచి లైటు వేసింది. ముందు సీటు ఆమె కళ్ల ముందు మెదిలింది. పాత దారిలో, ఎండ ఉండగా, అతని పక్కన... ఏమీ కాకపోవచ్చు. అంతా సవ్యంగా జరగొచ్చు. కానీ దర్శనం ఆలస్యమైతే? మబ్బు పడితే? చెప్పులేసుకుని వీధి చివరికి నడిచింది. అక్కడి క్యాబ్ స్టాండులో అతనితోపాటు బండి పెట్టే డ్రైవరు ఒకడున్నాడు. నిదానంగా నడుపుతాడని అందరూ అతన్ని నత్త అంటారు. ఆమె అతనితో మాట్లాడి వచ్చింది.

బజారునుంచి తల్లీ కూతుళ్లు వచ్చేసరికి సంచులు సర్ది ఉన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది.

"రేపు మనం ఈ బండిలో వెళ్లడం లేదత్తయ్యా. నత్త బండి మాట్లాడాను."

"నత్త బండా! ఎందుకు, ఈ బండికేమైంది?"

"పాతబడింది. సీట్లు వాసనొస్తున్నాయి. నాకు పడదు."

అత్తగారు చేతిలో టోపీ పొట్లంతో అలాగే నిలబడింది. ఆడపడుచు బిడ్డను ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది. డ్రైవరు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు.

"మొగుడి బండి వాసనొస్తోందా నీకు?" అంది అత్తగారు మెల్లగా. "ఆ బండి తెచ్చిన అన్నం వాసన రాలేదే ఇన్నాళ్లూ!"

"మా అన్నయ్య డ్రైవరని చెప్పుకోడానికి నామోషీ కాబోలు!" అంది ఆడపడుచు. "స్టాండులో అన్నయ్య పక్కన నిలబడే మనిషికి బేరం ఇచ్చొచ్చావా? రేపు వాళ్లంతా అన్నయ్య మొహాన నవ్వరూ? మొక్కు మా బిడ్డది. నీ సరదా ఎవరడిగారు? కడుపున ఒకడు పుట్టుంటే తెలిసేది మొక్కంటే ఏంటో!"

ఆ మాట అన్నాక ఆడపడుచే నాలుక కరుచుకుంది. కోడలు గోడవైపు తిరిగింది. నీ బిడ్డ కోసమే చేశానని ఒక్క మాట అంటే చాలు... అనలేదు. ఒట్టు పెట్టింది. మొగుడివైపు కూడా చూడలేదు. చూస్తే నిజం తన మొహంలో కనిపిస్తుందేమోనని భయం!

"లైటార్పు," అన్నాడు డ్రైవరు.

ఎవరూ కదల్లేదు.

"ఆర్పమన్నాను కదే!" అని చెల్లెలిమీద అరిచాడు. ఆమె బెదిరిపోయి స్విచ్ నొక్కింది. వీధి లైటు కిటికీలోంచి గదిలో పడుతోంది. అందరికీ అందరూ కనిపిస్తున్నారు. అతను లేచి నిలబడి రెండు చేతులూ చాచాడు.

"బిడ్డని ఇటివ్వు. మాట్లాడకుండా రా."

ఆడపడుచు బిడ్డతో రెండడుగులు వేసి అతని కుడివైపు నిలబడింది. అతని చేతులు ఎదురుగా, ఖాళీలోకి చాచే ఉన్నాయి. అలాగే వేళ్లు కదిపాడు. మెల్లగా ఎడమవైపుకి తిరిగాడు. బిడ్డ మేనమామను చూసి కిలకిలా నవ్వాడు. అప్పుడు అతను ఆ నవ్వువైపు తిరిగాడు.

అత్తగారి చేతిలోంచి పొట్లం జారిపోయింది.

"మీ నాన్నలాగే..." అంది. "మీ నాన్నలాగే చేతులు చాచావురా!" అంటూ కూలబడింది.

"బండి వాసన రాలేదమ్మా," అన్నాడు. "నేనే నీ కోడలి చేత ఒట్టు పెట్టించి నోరు నొక్కాను. మీరు అంటుంటే విన్నాను, కూర్చుని విన్నాను! ఈమె బండి మాట్లాడకపోతే రేపు మిమ్మల్నందర్నీ ఎక్కించుకునేవాణ్ణి."

ఆడపడుచు లైటు వేసింది. వదిన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. కొట్టు వదినా, కొట్టు, అంది. వదిన ఆమె తలమీద చెయ్యి వేసింది. కాసేపటికి ఆడపడుచు కళ్లు తుడుచుకుని ఫోను లైటు వెలిగించింది. బిడ్డ మొహం ముందు అటూ ఇటూ కదిపింది. బిడ్డ కళ్లు వెలుతురు వెంట తిరిగాయి. మళ్లీ కదిపింది. మళ్లీ తిరిగాయి. ఆమె ఆపకుండా కదుపుతూనే ఉంది. అత్తగారు ఆ ఫోను లాక్కుని పక్కన పెట్టింది.

మర్నాడు నత్త బండి వచ్చింది. డ్రైవరు జీవితంలో మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు నేలకేసి నొక్కాడు. నత్త అద్దంలోంచి అది చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. వెనక, మొగుడి పక్కన కోడలు కూర్చుంది. ముందు సీట్లో అత్తగారు కూర్చుంది.

గుడి లోపల, మసక చీకట్లో, మెట్ల దగ్గర కోడలు అతని చెయ్యి పట్టుకుని లాగింది. అతను మెట్టు తగిలి తూలాడు. అత్తగారు వెనక్కి వచ్చింది.

"లాగకమ్మా. నీ మోచెయ్యి వాడికివ్వు, వాడే పట్టుకుంటాడు. నువ్వు ఒక అడుగు ముందుండు. మెట్టు వస్తే ఒక్క క్షణం ఆగు. నువ్వు ఆగితే వాడికి తెలుస్తుంది." అని అతని చేతిని తీసి కోడలి మోచేతి మీద పెట్టింది. సర్ది చూసింది. "మీ మామగారితో నేను ఇది నేర్చుకునేసరికి చాలా దెబ్బలు తగిలాయి ఆయనకి. నాకు చెప్పేవాళ్లు లేరు." కోడలి మొహంవైపు చూడకుండానే అంది, "నిన్న అన్న మాటలు... నేను మర్చిపోను. నువ్వు మర్చిపోతే మర్చిపో."

గర్భగుడిలో దీపాలు తప్ప వెలుతురు లేదు. బిడ్డను స్వామి ఎదుట గడప ముందు కూర్చోబెట్టారు. బిడ్డ ఓ పక్కకి ఒరిగాడు, చెయ్యి ఆనించాడు, కూర్చున్నాడు. డ్రైవరు దండం పెట్టుకుని నిలబడ్డాడు. స్తంభానికి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె అతని భుజం పట్టుకుని కాస్త స్వామివైపు తిప్పింది.

"కనిపించాడా నాన్నా?" అంది అత్తగారు.

"కనిపించాడమ్మా."

తల్లి కొంగుతో కళ్లు అద్దుకుంది.

తిరుగు ప్రయాణానికి పొద్దు వాలింది. నత్త సొరంగం దారే పట్టాడు. లోపలికి వెళ్లగానే డ్రైవరు తడుముకుని ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆడపడుచూ బిడ్డా నిద్రపోతున్నారు. నత్త నెమ్మదిగా పోనిస్తున్నాడు.

"ముందు లారీ ఉందా?" అని ఆమె చెవి దగ్గర అడిగాడు.

ఆమె ముందుకి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఉందండీ," అంది. "రెండు లైట్లూ కనిపిస్తున్నాయి."